ఏసీ చల్లబరచడం లేదా? కొత్తది కొనేముందు చూడాల్సినవి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఇళ్ళకు

ఏసీలోని గ్యాస్ పెట్రోలులాగా ఖర్చయ్యేది కాదు. రాగి గొట్టాల్లో మూసిపెట్టి ఉంటుంది, ఎక్కడో కారితే తప్ప తగ్గదు. అయినా ఎండలు ముదరగానే చల్లదనం తగ్గిన ప్రతి ఏసీకీ వినపడే మొదటి మాట "గ్యాస్ అయిపోయింది". రెండో మాట "ఎక్స్ఛేంజ్‌లో కొత్తది తీసుకోండి". ఆ రెండు మాటలకూ తల ఊపేముందు చేయాల్సిన పరీక్షలు ఇక్కడ ఇస్తున్నాం. పాతది ఎందుకు చెడిందో తెలుసుకోకుండా కొత్తది బిగిస్తే, ఆ కారణం ఇంట్లోనే ఉండిపోతుంది. ఉప్పు గాలి, లో వోల్టేజీ, ఎండకు కాగే శ్లాబు కొత్త మిషన్‌నూ వదలవు.

పరీక్షలకు ఒక డిజిటల్ థర్మామీటరు, సాకెట్‌లో గుచ్చితే వోల్టేజీ చూపే చిన్న మీటరు చాలు. కరెంటు కొలిచే క్లాంప్ మీటరు మెకానిక్ దగ్గర ఉండాలి. అది లేకుండా వచ్చి గ్యాస్ సంగతి తేల్చేవారిని నమ్మొద్దు.

గాలి వస్తోంది, చల్లదనం లేదు

ముందు రిమోట్‌లో కూల్ మోడ్ ఉందో లేదో చూడండి. డ్రై మోడ్‌లోనో ఫ్యాన్ మోడ్‌లోనో పెట్టి మరచిపోయే ఇళ్ళు తక్కువేం కాదు. తర్వాత 16 డిగ్రీలకు పెట్టి, తలుపులు మూసి, 15 నిమిషాలు నడపండి. ఇండోర్ పైభాగంలో గాలి లోపలికి పోయేచోట ఒకసారి, కింద చల్లగాలి వచ్చేచోట ఒకసారి ఉష్ణోగ్రత చూడండి. తేడా 8 నుంచి 12 డిగ్రీలుంటే మిషన్ పని మిషన్ చేస్తోంది. పొదిలి, కనిగిరి వైపు పొడి గాలిలో అది 12 దాటొచ్చు. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్ళలో ఉక్కపోత రోజున 8 వచ్చినా తప్పు పట్టకూడదు. గాలిలోని తేమను నీరుగా మార్చడానికే అక్కడ శక్తిలో చాలా భాగం పోతుంది. ఈ పరీక్ష 16 దగ్గరే చేయాలి. 26లో పెడితే ఇన్వర్టర్ ఏసీ గది చల్లబడగానే కంప్రెసర్ వేగం తగ్గించుకుంటుంది, తేడా తక్కువగా కనబడి మోసపోతారు.

తేడా బాగానే ఉండి గది మాత్రం చల్లబడకపోతే లోపం గదిది. దాని సంగతి కింద వస్తుంది. తేడా 6 కన్నా తక్కువైతే వరసగా ఇలా చూడండి.

ఫిల్టర్ వెలుతురుకు పెట్టి చూడండి. అవతలి వెలుగు కనబడకపోతే గాలి కూడా దూరదు. రెండు వారాలకోసారి నీళ్ళతో కడిగి నీడలో ఆరబెట్టాలి. చీమకుర్తి క్వారీల చుట్టుపక్కల గ్రానైట్ దుమ్ము సన్నగా పేరుకుంటుంది కాబట్టి వారానికోసారి కడగాలి. ఫిల్టర్ శుభ్రంగా ఉన్నా గాలి మందంగా వస్తుంటే లోపలి బ్లోయర్ చక్రం రెక్కలకు జిడ్డు పట్టిందన్నమాట. దాన్ని పైపైన తుడిస్తే పోదు, సర్వీసులో నీటి జెట్‌తో కడగాలి.

తర్వాత ఔట్‌డోర్ దగ్గరికి వెళ్ళండి. ఫ్యాను తిరుగుతూ కంప్రెసర్ చప్పుడు లేకపోయినా, "హమ్" అని మూలిగి కొన్ని సెకన్లలో ఆగిపోయినా, ఇన్వర్టర్ కాని ఏసీలో మొదటి అనుమానం కెపాసిటర్ (కంప్రెసర్ మొదలవడానికి తోడ్పడే చిన్న డబ్బా) మీద ఉండాలి. పైన ఉబ్బిందా చూడాలి, మీటరుతో కొలవాలి. 1.5 టన్ను ఏసీకి (టన్ను అంటే చల్లబరిచే శక్తి కొలత) సాధారణంగా 35 నుంచి 50 మైక్రోఫారడ్ల మధ్యది ఉంటుంది. దాని ఒంటి మీద రాసిన విలువ కన్నా 6 శాతానికి మించి తగ్గితే మార్చాల్సిందే. కంప్రెసర్ కాలిపోయిందని తేల్చేముందు ఈ చిన్న భాగాన్ని కొలిపించండి, వేలల్లో డబ్బు మిగలొచ్చు. కరెంటు తీసేసినా కెపాసిటర్‌లో షాక్ కొట్టేంత విద్యుత్తు నిలిచి ఉంటుంది. దాన్ని మీరు ముట్టుకోవద్దు.

ఇవన్నీ దాటాకే గ్యాస్. గ్యాస్ తగ్గినప్పుడు ఇండోర్ కాయిల్ (రెక్కలు తొడిగిన గొట్టాల చుట్ట) అంతా కాక ఒక మూల కొన్ని వరసలకే మంచు పడుతుంది. ఔట్‌డోర్ వాల్వు దగ్గర సన్న గొట్టానికి మంచు గడుతుంది. గొట్టాలను కలిపే ఫ్లేర్ నట్ల చుట్టూ నూనె మరక ఉంటుంది. మరకే గట్టి సాక్ష్యం, గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా బయటికి వస్తుంది కాబట్టి. ఇన్వర్టర్ కాని ఏసీ అయితే క్లాంప్ మీటరులో కరెంటు, నేమ్ ప్లేటు మీద ఉన్నదానికన్నా బాగా తక్కువ చూపిస్తుంది.

గ్యాస్ పట్టించే పని ఈ వరసలోనే జరగాలి. మిగిలిన గ్యాస్ తీసేయాలి. నైట్రోజన్‌ను 300 పీఎస్‌ఐ ఒత్తిడి దాకా నింపి, అతుకులన్నిటికీ సబ్బు నురుగు రాసి కారే చోటు పట్టుకోవాలి. అతుకు సరిచేసి, మళ్ళీ నైట్రోజన్‌తో ఒత్తిడి నిలబడుతుందో చూడాలి. వాక్యూమ్ పంపుతో 500 మైక్రాన్ల దాకా (గొట్టంలో మిగిలిన ఒత్తిడి కొలత) లాగి, పంపు ఆపి, 20 నిమిషాలు ముల్లు కదలకుండా ఉందో చూడాలి. చివరగా నేమ్ ప్లేటులో రాసిన గ్రాముల లెక్కన, తూకం మిషన్ మీద సిలిండర్ పెట్టి నింపాలి. ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ వేగం మారే కొద్దీ ఒత్తిడీ మారుతుంది కాబట్టి గేజి చూసి "చాలు" అనడం గుడ్డి లెక్క. కారే చోటు పట్టకుండా పైన కాస్త కొట్టి పోతే వచ్చే వేసవికి మళ్ళీ అదే ఖర్చు. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా వాడే ఆర్-32 గ్యాస్‌కు మండే గుణం కొద్దిగా ఉంది. గ్యాస్ లోపల ఉండగా మంట పెట్టి అతుకు వేయనివ్వొద్దు, తలుపులు తెరిచి ఉంచండి. ఆర్-32 మిషన్‌లో పాత రకం గ్యాస్ ఆర్-22 ఎట్టి పరిస్థితిలోనూ పోయించొద్దు.

కాయిల్ మొత్తం మంచు గడితే ముందు అనుమానించాల్సింది ఫిల్టర్‌నే. స్క్రూడ్రైవర్‌తో గీకొద్దు, కాయిల్‌కు చిల్లి పడుతుంది. ఫ్యాన్ మోడ్‌లో రెండు గంటలు నడిపితే దానంతటదే కరుగుతుంది.

ఏటా గ్యాస్ పోతోంది, ఔట్‌డోర్ రెక్కల నుంచి తెల్లపొడి రాలుతోంది

ఇది తీరపు మండలాల జబ్బు. అల్లూరు, విడవలూరు, కోట, సింగరాయకొండ, కొత్తపట్నం ఇళ్ళలో కనబడుతుంది. ఔట్‌డోర్ కాయిల్‌లో రాగి గొట్టం మీద అల్యూమినియం రెక్కలు బిగించి ఉంటాయి. ఉప్పు తడి తగిలినచోట రెండు లోహాల మధ్య చిన్న బ్యాటరీ పుట్టి అల్యూమినియాన్ని తినేస్తుంది. రెక్క గొట్టాన్ని వదిలేశాక వేడి బయటికి పోదు, కంప్రెసర్ ఒత్తిడి పెరుగుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది. ఇనుప అడుగు పళ్ళెం, స్టాండు కూడా తుప్పు పట్టి ఔట్‌డోర్ ఒరుగుతుంది. ఆ ఒరుగుడుకు గొట్టం అతుకుల దగ్గర చిట్లి గ్యాస్ పోతుంది.

నివారణకు ఖర్చు లేదు. ఎంసీబీ (ఏసీ లైనుకు బోర్డులో ఉండే రక్షణ స్విచ్) ఆపి, నెలకోసారి మామూలు మంచినీళ్ళు తక్కువ ధారతో కాయిల్ మీద పోయండి, రెక్కల దారిన పైనుంచి కిందికి. ఉప్పు బోరు నీళ్ళు వద్దు, అది ఉప్పు కడిగినట్టు కాదు, రాసినట్టు. యాసిడ్ కలిపిన క్లీనర్లు రెక్కలను ఇంకా పలచబరుస్తాయి.

ఔట్‌డోర్ ఎక్కడ పెట్టామన్నది అన్నిటికన్నా పెద్ద విషయం. మనకు సముద్రం తూర్పున ఉంది, ఉప్పు గాలి నేరుగా తూర్పు గోడకే తగులుతుంది. పడమటి గోడకు మధ్యాహ్నపు ఎండ. ఉత్తరపు గోడ అన్నిటికన్నా మంచిది, లేకపోతే సజ్జ నీడ ఉన్న దక్షిణపు గోడ. వెనక 30 సెంటీమీటర్లు, ముందు కనీసం ఒక మీటరు ఖాళీ ఉండాలి. దొంగల భయంతో చుట్టూ ఇనుప పెట్టె కట్టిస్తే వదిలిన వేడి గాలినే మిషన్ మళ్ళీ పీల్చుకుంటుంది. ముందువైపు పూర్తిగా వదిలి మిగతా పక్కలకు జాలీ పెట్టించుకోండి.

ముట్టుకుంటే రెక్కలు పొడై రాలే స్థితికి వస్తే గ్యాస్ పోయించడం ఆపేయండి. కండెన్సర్ కాయిల్ (ఔట్‌డోర్‌లోని కాయిల్) ధర అడగండి. మిషన్ ఐదేళ్ళ లోపుదై, కంప్రెసర్ బాగుంటే కాయిల్ మార్చడం దండగ కాదు. ఎనిమిదేళ్ళు దాటిందైతే, అందులోనూ ఆర్-22ది అయితే, అక్కడ పెట్టే డబ్బు కొత్తదానికి పెట్టండి.

పొద్దున బాగుంది, మధ్యాహ్నం రెండు దాటితే చేతులెత్తేస్తుంది

ఏసీ మీద రాసే టన్నేజీ, బయట 35 డిగ్రీలున్నప్పటి లెక్క. రోహిణి కార్తెలో ఒంగోలు, నెల్లూరు 43, 44 చూసే ఊళ్ళు. ఆ వేడికి మిషన్ శక్తి తగ్గుతుంది, సరిగ్గా అప్పుడే గది అవసరం పెరుగుతుంది. పైగా మేడ మీది గది అయితే శ్లాబు పగలంతా కాగి రాత్రి పది దాకా వేడి దింపుతూనే ఉంటుంది.

ముందుగా ఔట్‌డోర్ కాయిల్ కడగండి, నీడ చూడండి. తర్వాత శ్లాబు మీద తెల్ల సున్నమో కూల్ రూఫ్ పెయింటో వేయించండి. పెద్ద ఏసీకి పెట్టే అదనపు డబ్బుకన్నా ఇది చవక, బిల్లు కూడా తగ్గిస్తుంది. కిటికీ సందులు, తలుపు కింది ఖాళీ మూయండి. అప్పటికీ చాలకపోతే సైజు తక్కువైనట్టే. కింది అంతస్తులో 120 చదరపు అడుగుల గదికి 1 టన్ను సరిపోతుంది. అదే గది ఎండ తగిలే శ్లాబు కింద ఉంటే 1.5 టన్ను తీసుకోవాలి.

ఆన్ కాగానే ఆగిపోతోంది, ఎంసీబీ పడిపోతోంది

ఏసీ ఆపి ఉన్నప్పుడు సాకెట్ దగ్గర వోల్టేజీ రాసుకోండి. కంప్రెసర్ నడిచేటప్పుడు మళ్ళీ చూడండి. 10 వోల్టులకు మించి పడిపోతే లోపం మీ వైరింగ్‌ది: సన్న వైరు, కాలిన సాకెట్, వదులైన స్క్రూ. 1.5 టన్నుకు మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 20 ఆంపియర్ల ఎంసీబీ వేయించండి. లైట్ల లైను నుంచి లాగొద్దు.

ఏసీ ఆపి ఉన్నా 190 దాటకపోతే అది లైను సమస్య. రొయ్యల చెరువుల్లో నీటికి గాలి కలిపే ఏరేటర్లు రాత్రంతా తిరిగే ఊళ్ళలో ఫీడరు (ఊరికి కరెంటు తెచ్చే లైను) మీద భారం పెరిగి ఇలా జరుగుతుంది. 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, వోల్టేజీ ఏ గంటకు ఎంత ఉందో రాసిన కాగితం దగ్గర పెట్టుకోండి. అది సరయ్యేదాకా 1.5 టన్నుకు 4 కేవీఏ స్టెబిలైజర్ పెట్టుకోండి. "స్టెబిలైజర్ అక్కర్లేదు" అని రాసిన ఇన్వర్టర్ ఏసీ కూడా పుస్తకంలో ఇచ్చిన వోల్టేజీ హద్దుల మధ్యే పనిచేస్తుంది. మీ ఊరి వోల్టేజీ ఆ హద్దు దాటుతుందో లేదో ఈ కాగితమే చెబుతుంది.

ఒకేసారి కొన్ని లైట్లు మరీ వెలిగి, కొన్ని మసకబారితే న్యూట్రల్ తెగినట్టు. మీటరు కోసం వెతక్కుండా వెంటనే మెయిన్ ఆపండి. కరెంటు పోయి వస్తే కంప్రెసర్ మూడు నిమిషాలు ఆలస్యంగా మొదలవడం మామూలే, లోపం కాదు.

ఇండోర్ నుంచి నీళ్ళు కారుతున్నాయి

డ్రెయిన్ పైపులో నాచు పట్టింది, లేదా పైపు వాలు తప్పింది. బయటి చివర నుంచి గట్టిగా ఊదండి, లేదా వాక్యూమ్‌తో లాగండి. పైపు కొన బకెట్ నీళ్ళలో మునిగి ఉంటే పైకి తీయండి.

ఇక కొత్తదే కొనాలని తేలితే

అమెరికాలో ఉన్న పిల్లలు ఇంటంతటికీ ఒకే సెంట్రల్ ఏసీ, గ్యాస్ ఫర్నెస్ చూసి ఇక్కడా పెట్టించమంటారు. ఫర్నెస్ అక్కడి మంచు చలికి. నెల్లూరులో జనవరి రాత్రి 20 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఆ ఖర్చుకు ఇక్కడ పనిలేదు. డక్టుల సెంట్రల్ ఏసీ మనిషి లేని గదులనూ చల్లబరుస్తుంది, ఒక్క భాగం చెడితే ఇల్లంతా ఉక్కపోత. బడ్జెట్ చూసుకునే ఇంటికి పడుకునే గదులకు విడివిడి స్ప్లిట్లే మేలు.

స్టార్ల లెక్క ఇలా వేసుకోండి. లేబుల్ మీది ఏడాది యూనిట్లు 1600 గంటల వాడకానికి. మార్చి నుంచి అక్టోబరు దాకా రోజుకు 8 గంటలు నడిపితే మీవి 1900 గంటలు దాటతాయి. రెండు మోడళ్ళ యూనిట్ల తేడా 200 అనుకుంటే, మీ ఇంట్లో అది 240 దాకా అవుతుంది. దాన్ని మీ బిల్లులోని చివరి శ్లాబు రేటుతో (అన్నిటికన్నా ఎక్కువ పడే యూనిట్ ధరతో) హెచ్చించండి. ధరల తేడా నాలుగైదేళ్ళలో తిరిగి రాకపోతే 3 స్టార్ తీసుకోవడం తప్పేమీ కాదు. స్టార్ల పట్టికను కొన్నేళ్ళకోసారి బిగిస్తారు కాబట్టి పాత స్టాకు మీది నక్షత్రాలు కాక లేబుల్ మీది ఐసీర్ (ఏడాదంతా ఖర్చయిన కరెంటుకు ఎంత చల్లదనం వస్తుందో చెప్పే లెక్క) అంకె పోల్చండి. జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాదు, 18 శాతం. బిల్లులో చూసుకోండి.

మన ఎండకు టీ3 అని రాసిన మోడల్ అడగండి. అది బయట 46 డిగ్రీల దగ్గర పరీక్షించే వర్గం. పదేళ్ళ వారంటీ చాలాసార్లు కంప్రెసర్‌కే ఉంటుంది. కాయిల్, బోర్డు, గ్యాస్ ఎన్నేళ్ళు, తుప్పుకు వర్తిస్తుందా అన్నది కాగితం మీద రాయించుకోండి. నీలం పూత రెక్కలు తేమను త్వరగా జారవిడుస్తాయి, ఉప్పును పూర్తిగా ఆపవు. నెలవారీ కడుగుడు మానొద్దు.

బిగించే రోజు దగ్గరుండండి. వాక్యూమ్ పంపు లేకుండా లోపలి గ్యాస్‌నే కొంచెం వదిలి "గాలి తీసేశాం" అంటే ఒప్పుకోకండి. గొట్టంలో మిగిలిన తేమ ఆయిల్‌ను పాడుచేసి కంప్రెసర్ మీదికి వస్తుంది. అయిపోయాక 16లో 15 నిమిషాలు నడిపి, గాలి తేడా, కరెంటు ఆంపియర్లు, వోల్టేజీ, బయటి ఉష్ణోగ్రత, తేదీ ఒక కాగితం మీద రాసి స్టెబిలైజర్ పక్కన అంటించండి. వచ్చే ఏడాది ఎవరైనా గ్యాస్ అయిపోయిందంటే, ముందు ఆ కాగితం చూపించి అవే కొలతలు మళ్ళీ తీయమనండి.