డైవోర్స్ డిక్రీ కావాలా? ముందు ఇంటిపేరు ఎటు రాశారో చూసుకోండి

మొన్న శనివారం మా ఇంటికి భోజనానికి ఒక కుర్రాడొచ్చాడు. డాలస్‌కి వచ్చి ఇంకా నాలుగు నెలలు నిండలేదు. పెరుగన్నం కలుపుకుంటూనే ఫోన్ నా ముందుకు జరిపాడు. వాళ్ళ అక్కకి ఒక సంబంధం వచ్చిందట. అబ్బాయి ఇక్కడివాడే, ఇక్కడే విడాకులయ్యాయట. కాగితం కళ్ళారా చూసి చెప్పమని గుంటూరు నుంచి నాన్నగారి ఆజ్ఞ. ఇతను ఏదో వెబ్‌సైటుకి నలభై డాలర్లు కట్టి పీడీఎఫ్ తెప్పించాడు. అందులో అదే పేరున్న నలుగురి పాత అడ్రసులున్నాయి, కోర్టు ఊసే లేదు.

నేను నవ్వలేదు. పదకొండేళ్ళ కిందట నేను చేసింది ఇంతకంటే ఘనకార్యం. నా విడాకులు టెక్సస్‌లోనే అయ్యాయి, రెండో పెళ్లి హైదరాబాద్‌లో. ఆస్టిన్‌లోని రాష్ట్ర ఆరోగ్యశాఖకి 20 డాలర్లు పంపితే ఒక ఉత్తరం వచ్చింది. అదే డిక్రీ, అంటే కోర్టు తీర్పు కాగితం, అనుకుని భద్రంగా సూట్‌కేసులో పెట్టుకెళ్ళాను. పెళ్లి రిజిస్ట్రేషన్ దగ్గర గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి, ‘ఇందులో తీర్పు ఎక్కడుంది సార్?’ అన్నాడు. లేదు మరి. ఫలానా విడాకులు తమ లెక్కలో ఉన్నాయని మాత్రమే ఆ ఉత్తరం చెబుతుంది, అదీ 1968 నుంచి జరిగినవైతేనే. ఫలానా కౌంటీలో (మన జిల్లా లాంటిది) వెతుక్కోవాలని తెలియడానికి బాగానే పనికొస్తుంది, అంతకుమించి ఆశించకండి.

అసలు డిక్రీ ఉండేది కేసు వేసిన కౌంటీలో, కోర్టు ఫైళ్ళు చూసే డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర. పెళ్లి లైసెన్సులు చూసేది కౌంటీ క్లర్క్. పేర్లు ఒకేలా ఉన్నా ఇద్దరూ వేరు. తప్పు క్యూలో గంట నిలబడ్డాక నేర్చుకున్న పాఠం ఇది. ఫ్రిస్కో అని చెప్పి ఊరుకోకండి, ఆ ఊరు కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. కాలిన్ వైపు ఉంటే మకిన్నీలోని కోర్టుకి వెళ్ళాలి, అటువైపు ఉంటే డెంటన్‌కి. ఇర్వింగ్ వాళ్ళకి డాలస్ కౌంటీ. ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారన్నది లెక్కలోకి రాదు, కేసు వేసినప్పుడు ఎక్కడున్నారో కనుక్కోండి.

ఇక నా అసలు బాధ పేర్లు. దీని గురించి ఎంత చెప్పినా ఎవరూ చెవినపెట్టరు! మనవాళ్ళలో చాలామంది పాస్‌పోర్టుల్లో సర్‌నేమ్ గడి ఖాళీ. వీసా మీద మొదటి పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, మొదటి పేరు తెలియదు) అని పడుతుంది, సొంత పేరు కాస్తా లాస్ట్‌నేమ్ అయి కూర్చుంటుంది. డ్రైవింగ్ లైసెన్సులో ఒక రకం, లాయరు ఆఫీసులో టైపు చేసింది ఇంకో రకం. కౌంటీ వెబ్‌సైటులో మా ఇంటిపేరు కొడితే ఫలితాలు లేవంది. అలా మూడు రోజులు. నాకసలు విడాకులయ్యాయా అని నాకే అనుమానమొచ్చింది. చివరికి చూస్తే నా పేరే ఇంటిపేరై, ఇంటిపేరు మధ్యలో ఒక అక్షరమై మిగిలింది. అందుకని ముందు వెనకలు మార్చి వెతకండి. లక్ష్మికి ఎక్స్ పెట్టారో కేఎస్‌హెచ్ పెట్టారో, వెంకట విడిగా ఉందో కలిసిపోయిందో, అన్నీ కొట్టి చూడండి. దొరక్కపోతే ఆ కేసులోని రెండో మనిషి, అంటే మాజీ భార్య లేదా భర్త, పేరుతో వెతకండి, చాలాసార్లు అక్కడే తగులుతుంది. కాజ్ నంబర్ (కోర్టు కేసు నంబర్) కనబడగానే రాసుకోండి.

సంబంధం కోసం చూసేవాళ్ళకి ఒక మాట. పిటిషన్ వేసినంత మాత్రాన విడాకులైనట్టు కాదు. ఆఖరి డిక్రీ ఉందా, జడ్జి సంతకం చేసిన తేదీ ఏంటి, ఈ రెండూ చూడండి. ఆ తేదీ తర్వాత ముప్పై రోజుల దాకా ఇంకొకరిని పెళ్లి చేసుకోకూడదన్నది టెక్సస్ చట్టం. న్యూయార్క్‌లో ఉన్నవాళ్ళు ఇదంతా నమ్ముకోకండి, అక్కడ విడాకుల ఫైళ్ళు బయటివాళ్ళకి చూపించరు.

ఇండియాలో వాడుకోవాలంటే జిరాక్సు చాలదు. సీలున్న సర్టిఫైడ్ కాపీ తీసుకుని, ఆస్టిన్‌లో సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసులో 15 డాలర్లు కట్టి అపోస్టిల్, అంటే వేరే దేశంలో చూపించడానికి వేసే ధ్రువీకరణ, వేయించాలి. అయితే సంతకం, సీలు నిజమైనవని చెప్పడం వరకే అపోస్టిల్ పని. తిరుపతిలో పెళ్లయిన ఒక తెలుగు జంట కేసులో 1991లో మన సుప్రీంకోర్టు అమెరికాలోని మిస్సోరీలో వచ్చిన విడాకులనే ఒప్పుకోలేదు. మన పద్ధతిలో పెళ్లి చేసుకుని, అవతలి మనిషి రాకుండానే ఇక్కడ డిక్రీ తెచ్చుకున్నవాళ్ళు అక్కడి లాయరుని కదపకుండా ముహూర్తం పెట్టుకోవద్దు.

భయపెట్టినట్టున్నాను. సరే, ఇదీ చెప్పేస్తా: కాజ్ నంబర్ చేతిలో ఉంటే కౌంటర్ దగ్గర పెద్ద పనేం లేదు. కాపీకి పేజీకి డాలరు లెక్క. మీరెవరు, ఎందుకు అని నన్నెవరూ నిలదీయలేదు. నా ఇంగ్లీషుకి కూడా ఓపిగ్గానే బదులిచ్చారు.

మన కుర్రాడు బుధవారం మకిన్నీ వెళ్ళొచ్చాడు. డిక్రీ దొరికింది, అబ్బాయి చెప్పిన తేదీనే ఉంది. నలభై డాలర్లు మాత్రం వెనక్కి రాలేదు.