రాగి రేకు చీలితే, లగ్గు కాలితే: కారణం లోహ బంధంలోనే

తిరుపతిలో రాగి, ఇత్తడి పాత్రలు కొట్టేవాళ్లకూ, చిత్తూరు పల్లెల్లో బోరు మోటార్లు బాగుచేసేవాళ్లకూ ఎదురయ్యే కొన్ని ఇబ్బందుల మూలం ఒక్కటే. లోహంలో ప్రతి పరమాణువూ బయటి ఎలక్ట్రాన్లను ఉమ్మడికి వదిలేస్తుంది. మిగిలిన ధన అయాన్లు వరుసలుగా నిలబడితే, తిరుగాడే ఎలక్ట్రాన్లు వాటిని కలిపి పట్టుకుంటాయి. ఈ పట్టు ఫలానా రెండు అయాన్లకు కట్టుబడింది కాదు కాబట్టి వరుస పక్కకు జరిగినా బంధం తెగదు. ఉప్పు కల్లులో వరుస జరిగితే ఒకే ఆవేశాలు ఎదురెదురుగా వచ్చి వికర్షించుకుంటాయి. అందుకే ఉప్పు పొడి అవుతుంది, రాగి సాగుతుంది.

సమస్య: చెంబు కొడుతుంటే అంచు చీలింది

చీలే ముందే రేకు చెబుతుంది. సుత్తి ఎగిరి వెనక్కి వస్తుంది, చప్పుడు ఖంగుమంటుంది.

కారణం: వరుసలు మొత్తంగా ఒక్కసారి జరగవు. డిస్‌లొకేషన్లు అనే లోపాల వెంట, జంపఖానాలో మడతను తోసినట్టు, కొంచెం కొంచెంగా జరుగుతాయి. దెబ్బలు పడేకొద్దీ ఈ లోపాలు పెరిగి, ఒకదానికొకటి అడ్డుపడతాయి. బంధం బలహీనపడలేదు, జరగడానికి దారి మూసుకుపోయిందంతే.

పరిష్కారం: రేకు మీది నూనె తుడవండి. ఎండ పడని చోట, మంట ఒకేచోట ఆపకుండా తిప్పుతూ, మసక ఎరుపు వచ్చేదాకా కాల్చండి. అది సుమారు 600 డిగ్రీల సెల్సియస్. ఆ వేడికి కొత్త రేణువులు (లోహంలోని చిన్న స్ఫటికాలు) పుట్టి వరుసలు మళ్లీ సర్దుకుంటాయి. వెంటనే నీళ్లలో ముంచవచ్చు. ఉక్కులా గట్టిపడుతుందేమోనని భయం వద్దు, రాగిలో ఆ మార్పు జరగదు. పైగా నల్లని పొర చాలావరకు రాలిపోతుంది, మిగిలింది చింతపండు పులుసుతో పోతుంది. నారింజ రంగు వచ్చేదాకా కాల్చి అలాగే ఉంచితే మాత్రం రేణువులు పెద్దవై, కొట్టినప్పుడు పైభాగం నారింజ తొక్కలా గరుకుగా తేలుతుంది. 1085 డిగ్రీలకు రాగి కరిగిపోతుంది కూడా. పగులు ఇప్పటికే ఉంటే దాని మొదలు దాకా ఆకురాయితో గుండ్రంగా తీసేశాకే మళ్లీ కొట్టాలి. లేకపోతే అక్కడి నుంచే పగులు ఇంకా పాకుతుంది.

ఇత్తడి అయితే ఎరుపు పూర్తిగా పోయాకే ముంచండి. ఇత్తడిలో రాగితో కలిసిన జింకు పరమాణువుల పరిమాణం వేరు కాబట్టి వరుసలు జరగడం కష్టమై, ఇత్తడి రాగికన్నా గట్టిగా ఉంటుంది. అతిగా కాల్చితే జింకు ఆవిరై తెల్లని పొగ లేస్తుంది. ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది, గాలి ఆడే చోటే పని చేయండి.

సమస్య: వాడకుండా ఉంచిన ఇత్తడి బిందె దానంతటదే పగిలింది

పశువుల కొట్టం పక్కన ఉంచారా? కొట్టిన రేకులో మిగిలిన ఒత్తిడికి తేమ, మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా తోడైతే రేణువుల అంచుల వెంట పగులు నడుస్తుంది. పగిలాక చేసేదేమీ లేదు. కొత్త పాత్రను కొట్టడం పూర్తయ్యాక 250 నుంచి 300 డిగ్రీల మధ్య గంటసేపు వేడిచేస్తే, గట్టిదనం పెద్దగా తగ్గకుండానే ఒత్తిడి పోతుంది.

సమస్య: స్టార్టర్ డబ్బాలో అల్యూమినియం వైరు లగ్గు (వైరు చివర తొడిగే లోహపు కొన) నల్లబడుతోంది

అల్యూమినియంలో కరెంటు బాగానే పారుతుంది, దాని మీది ఆక్సైడు పొరలో మాత్రం స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు లేవు, అందుకే జాయింటు వేడెక్కుతుంది. పైగా వేడికి అల్యూమినియం రాగికన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది. బిగింపు కింద మెల్లగా నలిగి వదులవుతుంది. స్క్రూను మళ్లీ మళ్లీ బిగిస్తే ఇంకా నలుగుతుందే గాని బాగుపడదు. మెయిన్ ఆపి, నల్లబడిన భాగం కత్తిరించి, వైరు తోముకుని, జాయింటు గ్రీజు పూసి, రెండు లోహాల లగ్గును (ఒకవైపు అల్యూమినియం, మరోవైపు రాగి) సరైన సైజు క్రింపింగ్ మిషన్‌తోనే (లగ్గును వైరు మీద నొక్కి బిగించే పనిముట్టు) వేయండి. కటింగ్ ప్లేయరుతో నొక్కడం పనికిరాదు.

వైరు సైజూ చూడండి. అల్యూమినియం నిరోధం రాగికన్నా సుమారు 1.6 రెట్లు. 4 చదరపు మి.మీ. రాగికి బదులు 6.4 చదరపు మి.మీ. కావాలి, అంటే 6 చాలదు, దాని తర్వాతి సైజు 10 వేయాలి.

సమస్య: నడిచి ఆగిన మోటారు వైండింగు (లోపలి తీగ చుట్ట) నిరోధం ఎక్కువ చూపిస్తోంది

ఇది లోపం కాదు. ఎలక్ట్రాన్లు అన్నే ఉన్నాయి, వేడికి అయాన్లు ఎక్కువగా కంపించి వాటికి అడ్డుపడుతున్నాయి. 25 డిగ్రీల దగ్గర 2 ఓమ్‌లు ఉన్న రాగి వైండింగు 75 డిగ్రీలకు సుమారు 2.38 చూపుతుంది. చల్లారాక కొలిచి పోల్చండి. మూడు ఫేజుల మధ్య విలువలు ఎప్పుడైనా దాదాపు సమానంగా ఉండాలి. ఒకటి ఎక్కువైతే వదులైన జాయింటును, తక్కువైతే షార్టయిన చుట్లను వెతకండి.