ఫైవ్ యాక్సిస్ మిల్లింగ్‌కు ఫీచర్ రికగ్నిషన్ ఎలా చేయాలి?

బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, హైదరాబాద్ పారిశ్రామికవాడల్లో ఎక్కడికి వెళ్లినా ఇదే చూస్తున్నాను. ఫైవ్ యాక్సిస్ మెషీన్ (మూడు నేరు కదలికలు, రెండు తిరిగే కదలికలు ఉన్నది) కొంటారు, మెషీన్‌కు ప్రోగ్రామ్ రాసిచ్చే క్యామ్ సాఫ్ట్‌వేర్ తెస్తారు, మోడల్‌లో కోయాల్సిన ఆకారాలను తనే గుర్తించే ఫీచర్ రికగ్నిషన్ బటన్ నొక్కుతారు. ఇన్ని హోల్స్, ఇన్ని పాకెట్లు (గుంటలు), ఇన్ని స్లాట్లు (గాడులు) అని లిస్టు వస్తుంది. దాన్ని అలాగే నమ్మి టూల్‌పాత్ (టూల్ నడిచే దారి) వేసేస్తారు. జాబ్ స్క్రాప్ అయ్యాక సాఫ్ట్‌వేర్‌ను తిడతారు. ఆ లిస్టు కంప్యూటర్ వేసిన అంచనా మాత్రమే. సరిచూసుకోవాల్సింది మనమే.

మొదటి పనులు తేలికే. కస్టమర్‌ను స్టెప్ ఫైల్ (3డీ మోడల్ పంపే ఫార్మాట్) అడగండి, అందులో ఏపీ242 రకం అయితే ఇంకా మంచిది. పాత ఐజీఈఎస్ ఫార్మాట్‌లో ఇస్తే వెనక్కి పంపండి. అందులో సర్ఫేసులు కుట్లు ఊడిన చొక్కాలా విడివిడిగా వస్తాయి. మోడల్ సాలిడ్‌గా ఉందని చూసుకుని, రా మెటీరియల్ బ్లాక్ పెట్టి, జీరో (కొలతలు మొదలయ్యే బిందువు) ఇచ్చి రికగ్నిషన్ నడపండి. డ్రాయింగ్ మాత్రం పక్కనే ఉండాలి. ఎం6 ట్యాపింగ్ హోల్ (6 మి.మీ. స్క్రూకు మరలు కోయాల్సిన హోల్) స్టెప్ ఫైల్‌లో చాలాసార్లు 5 మి.మీ. మామూలు హోల్‌గానే వస్తుంది. అలా వస్తే థ్రెడ్ ఉందని కంప్యూటర్‌కు తెలిసే దారి లేదు.

కొందరు రికగ్నిషన్‌కు ముందే ఫిల్లెట్లన్నీ (మూలల్లోని గుండ్రని వంపులు) తీసేస్తారు. పాకెట్ అడుగున ఉన్నవి తీయండి, పర్వాలేదు. గోడల మూలల్లో ఉన్నవి తీయకూడదు. టూల్ డయా తేలేది వాటితోనే. మూల ఆర్5 (5 మి.మీ. వ్యాసార్ధం) ఉంటే 10 మి.మీ. కట్టర్ సరిపోతుందనుకుంటారు. అది మూలలోకి వెళ్లగానే ఒక్కసారిగా రెండు గోడలనూ పట్టేసి అరుస్తుంది. 8 మి.మీ. వాడండి.

ఇక అసలు కష్టమైన చోటు: ఒక ఫీచర్ ఇంకో ఫీచర్‌ను కోసుకుంటూ పోయిన చోటు.

కంప్యూటర్ మోడల్‌ను ఎలా చూస్తుందో తెలిస్తే ఇది అర్థమవుతుంది. 1988లో పరిశోధకులు జోషి, చాంగ్ చూపిన పద్ధతినే తీసుకోండి. అది చుక్కల ముగ్గు లాంటిది. ప్రతి ఫేస్ (మోడల్‌లోని ఒక్కో ఉపరితలం) ఒక చుక్క, రెండు ఫేసులు కలిసే అంచు ఒక గీత. ఆ అంచు లోపలికి మడిచినట్టుందా, బయటికి మడిచినట్టుందా అని ప్రతి గీతకూ గుర్తు పెడతారు. పాకెట్ అడుగు, గోడ కలిసేది లోమడత. గోడ, పై ఫేస్ కలిసేది వెలిమడత. చుట్టూ వెలిమడతలే ఉన్న ఫేసులను తీసేస్తే మిగిలే గుంపులే పాకెట్లు, స్లాట్లు. ఒక స్లాట్ ఇంకో ఫీచర్ మధ్యలోంచి దూసుకుపోతే ముగ్గు అక్కడ తెగిపోతుంది. ఒకటి రెండుగా కనిపిస్తుంది.

రెండు చెవుల బ్రాకెట్ తీసుకోండి. రెండు చెవుల్లోంచీ ఒకే 20 హెచ్7 బోర్ (20 మి.మీ. హోల్, హెచ్7 దాని టాలరెన్స్ గ్రేడ్), మధ్యలో స్లాట్. డిజైనర్‌కు అది ఒక్క బోర్. కంప్యూటర్‌కు రెండు సిలిండర్ ఫేసులు, కాబట్టి రెండు హోల్స్. పైగా ఒక్కోదానికి బయటివైపు నుంచి ఎదురెదురు దిశలు ఇస్తుంది, అంటే మధ్యలో టేబుల్ తిప్పాలి. నేను పని కొత్తగా నేర్చుకునే రోజుల్లో దాన్ని అలాగే వదిలేశాను. అల్యూమినియం బ్రాకెట్లు, 12 ముక్కలు. పిన్ మొదటి చెవిలో నూనె పూసినట్టు దిగింది, రెండో చెవి అంచుకు తగిలి ఆగిపోయింది. పన్నెండింటిలోనూ అంతే. టేబుల్ తిరిగే సెంటర్ 15 మైక్రాన్లు తప్పుగా సెట్ అయి ఉంటే, 180 డిగ్రీలు తిప్పేసరికి తేడా 30 అవుతుంది. 20 హెచ్7కి ఉన్న మొత్తం టాలరెన్సే (ఒప్పుకునే తేడా) 21 మైక్రాన్లు.

అందుకే లిస్టు రాగానే ఒకే గీత మీద ఉన్న, ఒకే డయా హోల్స్‌ను వెతకండి. అవి ఒకే బోర్ అని డ్రాయింగ్ చెబితే, రెండింటినీ ఎంచి ఒకే ఫీచర్‌గా కలపండి. ఒకే దిశ ఇవ్వండి. బోరింగ్ బార్ (బోర్ కోసే టూల్) రెండో చెవి దాకా అందుతుందో కొలవండి. అందకపోతే పొడవు బార్ తెప్పించండి, అంతేగాని టేబుల్ తిప్పవద్దు. పాకెట్‌లో పాకెట్ ఉన్నచోట కూడా తొందరపడకండి. పెద్దది ముందు, దాని అడుగులోంచి మొదలయ్యే చిన్నది తర్వాత. కంప్యూటర్ చిన్నదాని లోతును బ్లాక్ పై ఫేస్ నుంచి లెక్కేసిందేమో చూడండి. అలా లెక్కేస్తే లేని మెటల్‌ను గాలిలో కోస్తూ గంటలు పోతాయి.

దీని తర్వాత నేను తప్పకుండా చేసేది రంగులు వేయడం. గుర్తించిన ఫేసులన్నిటికీ ఆకుపచ్చ వేసి మోడల్‌ను అన్ని వైపులా తిప్పుతాను. రంగు పడని ఫేస్ ఏదున్నా కంప్యూటర్ దాన్ని వదిలేసినట్టే. పాత ప్రోగ్రామర్లు ప్రతి ఫేస్‌నూ చేత్తో ఎంచుకుంటారు, సాయంత్రానికి కళ్లు అలసి ఒకటి మర్చిపోతారు. కొత్తవాళ్లు బటన్‌ను నమ్మేస్తారు. రంగు పద్ధతిలో రెండు తప్పులూ దొరుకుతాయి.

మిగిలింది త్వరగా అయిపోతుంది. ఒకే దిశలో ఉన్న ఫీచర్లను ఒక గుంపు చేయండి. పాకెట్లు, హోల్స్ అన్నీ త్రీ ప్లస్ టూలోనే, అంటే రెండు రోటరీ యాక్సిస్‌లను కోణంలో లాక్ చేసి మిగతా మూడింటితో కోయాలి. రోటరీ యాక్సిస్‌లు లాక్ అయి ఉంటే జాబ్ గట్టిగా నిలబడుతుంది. ఐదు యాక్సిస్‌లూ ఒకేసారి కదిలేది ఇంపెల్లర్ (పంపులో తిరిగే చక్రం) బ్లేడ్ లాంటి వంపు సర్ఫేసులకే. సిమ్యులేషన్‌లో టూల్‌తో పాటు హోల్డర్, ఫిక్స్‌చర్ కూడా పెట్టండి. మొదటి ముక్కను ఫిక్స్‌చర్‌లోంచి విప్పకముందే, రెండు చెవుల్లోంచీ పిన్ గేజ్ (కచ్చితమైన సైజు కొలత పిన్) దూర్చి చూడండి.