సెకండ్ హ్యాండ్ హోండా సిటీ: స్కానర్ పెట్టే ముందు కార్పెట్ ఎత్తండి

విజయవాడ ఆటోనగర్‌లో నా షెడ్డుకి వచ్చే హోండా సిటీల్లో చాలా వరకు కరెంటు పని మీదే వస్తాయి. నా దాకా వచ్చేలోపే ఇంకో రెండు షెడ్లు తిరిగి, రెండు మూడు సామాన్లు మార్పించుకుని వస్తాయి. ఆ బిల్లులు తిరగేస్తే సెన్సార్, స్విచ్, బ్యాటరీ అన్నీ కనిపిస్తాయి. కార్పెట్ ఎత్తి చూశామని మాత్రం ఏ బిల్లులోనూ ఉండదు. ఆ పని పది నిమిషాల్లో అయిపోతుంది, పైసా ఖర్చు లేదు. కొనేముందు చూస్తే ఇంకా మంచిది. ఆయిలు, కూలెంటు, టైర్లు చూసుకోవడం మీకు తెలుసనుకునే ఇది రాస్తున్నాను.

ముందు చేతిలో ఉన్నది ఏ తరం బండో తేల్చుకోండి, జబ్బులు తరాన్ని బట్టి ఉంటాయి. 1998లో వచ్చిన మొదటి సిటీ ఇప్పుడు ముచ్చటకి దాచుకున్నవాళ్ల దగ్గరే కనిపిస్తుంది. 2003లో వచ్చింది ఐ-డీఎస్ఐ ఇంజన్‌తో. 2008లో ఐ-వీటెక్‌తో మూడోది. 2014లో నాలుగోది, దాంతోపాటే మొదటిసారి డీజిల్. 2020లో ఐదోది, 2022లో దానికి హైబ్రిడ్ కలిసింది. ఐదోది వచ్చాక కూడా నాలుగో బాడీని కొన్నాళ్లు పక్కపక్కనే అమ్మారు. అందుకని ఆర్‌సీలో 2021 అని ఉన్నంత మాత్రాన కొత్త బాడీ అనుకోవద్దు, బండిని చూసి మాట్లాడండి.

సెల్ఫ్ సరిగా తిరగట్లేదు, లైట్లు మసకగా ఉన్నాయి

బ్యాటరీ కొనకముందు టెర్మినళ్లు విప్పి శుభ్రం చేసి బిగించండి. బ్యాటరీ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు బోల్టు కూడా చూడండి. బండి ఆపి ఉన్నప్పుడు మీటరులో 12.6 వోల్టుల దగ్గర ఉంటే బ్యాటరీలో చార్జి ఉన్నట్టే.

ఇక్కడ చాలామంది పొరపాటు పడేది ఆల్టర్నేటర్ (ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీని చార్జి చేసేది) విషయంలో. హోండాల్లో లోడ్ తక్కువగా ఉన్నప్పుడు చార్జింగ్ వోల్టేజిని బండే కావాలని తగ్గించుకుంటుంది. ఇంజన్ నడుస్తుండగా మీటరు 12.5 చూపించిందని ఆల్టర్నేటర్ విప్పేస్తారు. హెడ్‌లైట్లు, ఏసీ వేసి మళ్లీ చూడండి. 13.8 పైకి వెళ్తే దాని జోలికి పోవద్దు.

ఇంజన్ మిస్సింగ్ కొడుతోంది (2003-08 బండ్లు)

ఐ-డీఎస్ఐ ఇంజన్‌కి సిలిండర్లు 4, ప్లగ్గులు 8. ముందు వరసలో నాలుగు చేతికి అందుతాయి, వెనక వరసలో నాలుగు ఇంజన్‌కి, క్యాబిన్ గోడకి మధ్య ఇరుక్కుని ఉంటాయి. "ప్లగ్గులు కొత్తవే వేశాం సార్" అంటే నేను అడిగే మొదటి మాట, ఎన్ని వేశారు అని. నాలుగు అంటే అక్కడే దొరికిపోయింది. వెనక నాలుగు కూడా మార్చండి, మిస్సింగ్ చాలా వరకు పోతుంది.

సీవీటీలో ఇంజన్ అరుస్తోంది, బండి కదలట్లేదు

సీవీటీ అంటే మెట్లు లేని ఆటోమేటిక్ గేర్‌బాక్స్. గట్టిగా తొక్కినప్పుడు ఇంజన్ చప్పుడు ముందు లేచి, స్పీడు నెమ్మదిగా అందుకోవడం సీవీటీ స్వభావం, దాన్ని జబ్బనుకోవద్దు. ఆగి ఉన్న బండి కదిలేటప్పుడు వణికితే మాత్రం గేర్ ఆయిల్ సంగతి చూడాలి. 2014 నుంచి వచ్చిన సీవీటీ బండ్లకి హెచ్‌సీఎఫ్-2 అనే ఆయిలే పోయించండి, ఇంకేదీ వద్దు; అంతకుముందు వాటికి ఓనర్ మాన్యువల్‌లో చెప్పిందే. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో పావుగంట ఆగుతూ కదులుతూ నడిపితే వణుకు ఉందో లేదో తెలిసిపోతుంది. మంగళగిరి వైపు హైవే మీద తోలి చూస్తే ఇది బయటపడదు.

ఏసీ చల్లదనం తగ్గితే గ్యాస్ కొట్టించే ముందు డాష్ పెట్టె వెనకున్న క్యాబిన్ ఫిల్టర్ లాగి చూడండి. చాలాసార్లు అక్కడితోనే పని అయిపోతుంది.

ఒకదానికొకటి సంబంధం లేని లైట్లు వెలుగుతున్నాయి

అసలు చెప్పాల్సింది ఇదే. ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరుతుంది. పది రోజులకి వెనక పవర్ విండో ఆగుతుంది. సెంట్రల్ లాక్ దానంతటదే టకటక కొట్టుకుంటుంది. పొద్దున్నే అద్దాల లోపల ఆవిరి పట్టి ఉంటుంది. ఇంజన్ మాత్రం గడియారంలా నడుస్తుంది. ఇవన్నీ ఒకే బండిలో కనిపిస్తే ఒక్కో సామాను మార్చుకుంటూ పోవద్దు. ఆ బండి నీళ్లలో నిలబడి వచ్చిందేమో ముందు చూడండి.

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ వైపు ఇళ్ల ముందున్న బండ్లు రోజుల తరబడి మురుగు కలిసిన నీళ్లలో ఉన్నాయి. అదే రోజుల్లో ఖమ్మంలో మున్నేరు కూడా పొంగింది, కాబట్టి తెలంగాణ నంబర్ చూసి ధైర్యపడొద్దు. పైకప్పు దాకా మునిగిన బండితో మనకి పెద్ద భయం లేదు. అది ఇన్సూరెన్స్ లెక్కల్లోకి పోయింది, చూడగానే తెలుస్తుంది కూడా. కార్పెట్ దాకా మాత్రమే నీళ్లొచ్చిన బండితోనే చిక్కు. నీళ్లు తీశాక సెల్ఫ్ కొడితే స్టార్టయింది, పైపైన కడిగారు, షాంపూ కొట్టి కొత్త సీటు కవర్లు వేశారు, అమ్మేశారు. అమ్మినవాడికి కూడా లోపల ఏం మిగిలిందో తెలియకపోవచ్చు.

లోపల మిగిలేది ఇది. కార్పెట్ కింద బొద్దుగా స్పాంజి ఉంటుంది. పైన గుడ్డ రెండ్రోజుల్లో ఆరుతుంది, స్పాంజి నెలలు గడిచినా ఆరదు. బండి వైరింగులో సగం ఆ స్పాంజి పక్కనుంచే వెళ్తుంది. దీపపు వత్తి నూనె పీల్చినట్టు వైరు తొడుగు లోపలి రాగి పోగులు నీళ్లు పీలుస్తాయి. కప్లర్ (వైర్లని కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు) లోపల ఎప్పుడూ కరెంటు ఉండే పిన్ను ముందు కరుగుతుంది, దానికి పచ్చగా చిలుము పడుతుంది. అది ఒక్కరోజులో తెగిపోదు. కాస్త కాస్త అడ్డుపడుతుంది. అందుకే బండి కొన్నాక నాలుగైదు నెలలకి గాని రోగం బయటపడదు. అప్పటికి అమ్మిన పార్టీ ఫోన్ ఎత్తడు.

నేను దెబ్బతిన్నది కూడా ఇక్కడే. గుంటూరు నుంచి ఒక మాస్టారు 2016 పెట్రోల్ సిటీ తెచ్చారు. ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరట్లేదు. అంతకుముందు ఇంకో షెడ్డులో స్టీరింగ్ కింద ఉండే కేబుల్ రీల్ మార్చారు, లాభం లేకపోయింది. నేను స్కానర్ (బండి కంప్యూటర్‌లోని ఫాల్ట్ కోడ్‌లు చదివే మిషన్) పెట్టాను. ఎడమ ముందు సీటు బెల్టు బకిల్ వైపు కోడ్ వచ్చింది. బకిల్ మార్చాను, లైటు ఆరింది. మాస్టారు సంతోషంగా వెళ్లారు. మూడు వారాలకి ఫోన్ చేసి, "ఏవండీ, లైటు మళ్లీ వచ్చింది, ఇప్పుడు వెనక అద్దం కూడా దిగట్లేదు" అన్నారు.

బండి రాగానే ఈసారి సీటు విప్పి బయటపెట్టాను. సీటు పట్టాల కింద బోల్టుల తలలకి అప్పటికే పానా గీతలు ఉన్నాయి. నాకంటే ముందే ఎవరో విప్పి కడిగారన్నమాట. కార్పెట్ అంచు పట్టుకుని ఎత్తి, స్పాంజి మీద అరచేయి పెట్టి నొక్కాను. వేళ్ల సందుల్లోంచి నల్లటి నీళ్లు వచ్చాయి. చేయి ఆరాక చూస్తే ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తటి ఒండ్రు అంటుకుని ఉంది. పసుప్పచ్చ ఎయిర్‌బ్యాగ్ కప్లర్ ఊడదీస్తే పిన్నుల చుట్టూ చిలుము. అప్పుడు అర్థమైంది: మొదటిసారి లైటు ఆరింది కొత్త బకిల్ వల్ల కాదు. దాన్ని మార్చేటప్పుడు కప్లర్ ఊడదీసి పెట్టాను కదా, ఆ రాపిడికి చిలుము కాస్త రాలి కరెంటు పారింది, అంతే. ఆ బకిల్ డబ్బులు మాస్టారికి తిరిగిచ్చేశాను. ఆ రోజు నుంచి ఎయిర్‌బ్యాగ్ లైటుతో ఏ సిటీ వచ్చినా స్కానర్ బయటికి తీసేది కార్పెట్ చూశాకే.

మీరు చూడాల్సిన తీరు చెబుతాను. ముందు డోర్ తెరిచి, కాలు పెట్టే చోట అంచున ఉన్న ప్లాస్టిక్ పట్టీని చేత్తో పైకి లాగండి. క్లిప్పుల మీద ఉంటుంది, నెమ్మదిగా లాగండి. దాని కింద కార్పెట్ అంచు దొరుకుతుంది. ఎత్తి చేయి లోపలికి పోనిచ్చి స్పాంజి నొక్కండి. నాలుగు డోర్ల దగ్గరా నొక్కండి. తర్వాత సీటు బెల్టు చివరి దాకా లాగండి. మనం రోజూ లాగే భాగాన్ని కడుగుతారు, చుట్టలో మిగిలిపోయే చివరి జానెడు ఎవరూ కడగరు. అక్కడ అడ్డంగా మట్టి చార కనిపిస్తుంది. బెల్టు పాత బండిలో మరీ కొత్తగా తళతళలాడుతున్నా అనుమానించండి. డిక్కీలో స్టెప్నీ తీసి, గుంట అడుగున మూలల్లో వేలు పెట్టి చూడండి.

స్పాంజి తడిగా ఉందని వెంటనే బండి వదిలేసుకోవద్దు. ముందు ఎడమ కాళ్ల దగ్గర మాత్రమే తడి ఉండి, నీళ్లు తేటగా ఉంటే అది ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టం మూసుకుపోవడం. కింద నుంచి గాలి కొడితే పోతుంది. రెండు వైపులా తడి ఉండి, ఒండ్రు ఉండి, వెనక సీటు కింద కూడా కనిపిస్తే అది వరద నీరే.

కాగితాల్లో కూడా ఒక జాడ ఉంటుంది. ఆర్‌సీ వివరాల్లో వరద సంగతి రాదు. అమ్మేవాళ్ల పాత ఇన్సూరెన్స్ పాలసీలు రెండు మూడేళ్లవి అడగండి. క్లెయిమ్ లేని ఏళ్లకి ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్, ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతూ పోతుంది. 2024 సెప్టెంబర్ తర్వాత రెన్యూవల్‌లో అది సున్నాకి పడితే ఏ క్లెయిమ్ చేశారో అడగాల్సిందే. ఎన్‌సీబీ పోతుందని సొంత డబ్బులతో బాగు చేయించుకున్నవాళ్లూ ఉంటారు, అప్పుడు పాలసీ శుభ్రంగానే ఉంటుంది. అందుకే కాగితం బాగుందని కార్పెట్ ఎత్తడం మానొద్దు. ఎత్తనివ్వని పార్టీ దగ్గర బేరం ఆడొద్దు, వచ్చేయండి.

ఇప్పటికే కొనేసి ఉంటే బాగు చేసుకోవచ్చు, కాకపోతే మొత్తం చేయాలి. బ్యాటరీ మైనస్ తీసి కనీసం 3 నిమిషాలు ఆగండి, ఆ తర్వాతే పసుప్పచ్చ కప్లర్లు ముట్టుకోవాలి. వాటిని టెస్ట్ ల్యాంపుతో ఎప్పుడూ పరీక్షించకండి, ఎయిర్‌బ్యాగ్ పేలొచ్చు. సీట్లు, మధ్య కన్సోల్ విప్పి కార్పెట్ స్పాంజితో సహా బయటికి తీయండి. మన ఎండకి నాలుగు రోజులు రెండు వైపులా తిప్పి ఆరబెట్టండి. కుళ్లిన వాసన పోకపోతే స్పాంజి కొత్తది వేయండి. నేల మీద ఉన్న ప్రతి కప్లర్ ఊడదీసి కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి. పిన్ను సన్నబడి ఉంటే కడగడం దండగ, పిన్ను మార్చాలి. మామూలు వైరు నల్లబడితే రాగి మెరిసే దాకా వెనక్కి కోసి, సోల్డర్ పెట్టి, హీట్ ష్రింక్ తొడగాలి. మెలేసి టేపు చుడితే మళ్లీ మొదటికొస్తుంది. ఎయిర్‌బ్యాగ్ వైర్లకి మాత్రం అతుకులు వద్దు, ఆ ముక్క మొత్తం కొత్తదే. మధ్యలో ఉండే ఎయిర్‌బ్యాగ్ యూనిట్ నీళ్లలో మునిగినట్టు తెలిస్తే అది కూడా కొత్తదే, రిపేరు చేస్తామన్నవాళ్ల మాట వినొద్దు. ఇంట్లో పిల్లలు కూర్చునే బండి ఇది.

చివరగా ఎర్త్‌లు. ముందు కాళ్ల పక్క ప్యానెళ్ల వెనక బాడీకి బిగించిన ఎర్త్ బోల్టులు విప్పి, కింద ఇనుము తెల్లగా కనిపించే దాకా ఎమిరీ పట్టి బిగించండి. సరిగా కుదిరిందో లేదో చూడటానికి హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి, మీటరు ఒక కొన బ్యాటరీ మైనస్ మీద, రెండో కొన ఆ ఎర్త్ వైరు చివర బోల్టు కింద ఉండే చుట్టు మీద పెట్టండి. 0.1 వోల్టు లోపు రావాలి. 0.2 దాటితే ఇంకా తుప్పు ఉన్నట్టే.

నీళ్లలో ఉండగా ఎవరైనా సెల్ఫ్ కొట్టి ఉంటారని అనుమానముంటే నాలుగు సిలిండర్లకీ కంప్రెషన్ గేజ్ (లోపలి ఒత్తిడి కొలిచే మీటరు) పెట్టించండి. ఒకటి మిగతా మూడిటికంటే బాగా తక్కువ చూపిస్తే కనెక్టింగ్ రాడ్ వంగి ఉండొచ్చు. అలాంటి బండి కొనొద్దు.

మిగతావి

ఎలుకలు వైర్లు కొరకడం, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) పోవడం ఉంటాయి గానీ అరుదు, పైవన్నీ చూశాకే వాటి దాకా వెళ్లండి. స్టీరింగ్ లైటు ఒక్కటే వస్తే ముందు బ్యాటరీ వోల్టేజి చూడండి.

నడుస్తూ నడుస్తూ బండి ఆగిపోయి, కాసేపటికి స్టార్టయ్యే రకమైతే, అది 2018 ప్రాంతంలో తయారైందైతే, ఫ్యూయల్ పంప్ రీకాల్ (లోపమున్న సామాను మార్చడానికి కంపెనీ బండ్లని వెనక్కి పిలవడం) ఉందేమో చూడండి. 2013 దాకా తయారైన సిటీల్లో కొన్నిటికి టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగ్ ఇన్‌ఫ్లేటర్ల (బ్యాగ్‌ని ఉబ్బించే భాగాల) రీకాల్ ఉంది. ఛాసిస్ నంబర్ కంపెనీ వెబ్‌సైట్‌లో కొడితే మీ బండి పేరుందో లేదో వస్తుంది. పేరుంటే షోరూంలో ఉచితంగా మారుస్తారు, బయట డబ్బులు పెట్టొద్దు.

కొత్తదే కొనేవాళ్లు డెలివరీకి ముందు ప్లేటు మీద తయారీ నెల, టైరు మీద నాలుగంకెల తేదీ సరిచూసుకోండి. ఫాగ్ లైట్లు గానీ కెమెరా గానీ పెట్టించుకుంటే వైరు కోయకుండా కప్లర్ నుంచే తీసుకోమని గట్టిగా చెప్పి, పని అయ్యేదాకా పక్కనే నిలబడండి.