ఇంటింటికీ తిరిగే ఏఎన్‌ఎమ్‌లు రాత పనిని ఇంటికి మోసుకెళ్లకుండా ఉండాలంటే

ఏఎన్‌ఎమ్ (ఊళ్లలో తిరిగి పనిచేసే నర్సమ్మ) ఉద్యోగంలో పొద్దంతా ఊళ్లు, తండాలు తిరగడం ఒక ఎత్తయితే, తిరిగినదాన్ని రాయడం ఇంకో ఎత్తు. గర్భిణులు, పిల్లల వివరాలుండే ఆర్‌సీహెచ్ రిజిస్టర్, బీపీ, షుగర్ లాంటి జబ్బుల ఎన్‌సీడీ ఎంట్రీ, ఎవరికి ఏ టీకా వేయాలో చెప్పే డ్యూ లిస్ట్, మందుల స్టాక్, డైరీ, వీటికి తోడు ట్యాబ్. మా నల్గొండ, పాలమూరు వైపు చాలామంది సిస్టర్లు ఇదంతా రాత్రి అన్నాలు తిన్నాక ముందేసుకుని కూర్చుంటారు. కొత్తగా చేరినవాళ్లయితే ఉద్యోగమంటే ఇంతే కాబోలు అనుకుంటారు. అలా అనుకోవద్దు. నేను గట్టిగా చెప్పేది ఒక్కటే, ఏ ఇంటి రాత ఆ ఇంటి గడప దాటకముందే అయిపోవాలి.

ఇది మన నిద్ర కోసం మాత్రమే చెప్పడం లేదు. రాత్రిపూట గుర్తు చేసుకుంటూ రాస్తే ఊరందరి బీపీ 120/80 దగ్గరే ఆగిపోతుంది. 138 చూశామో 148 చూశామో గుర్తుండదు, చెయ్యి దానంతటదే అలవాటైన నంబరు రాసేస్తుంది. ఆ 148 ఏడో నెల గర్భిణిదైతే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంటి దగ్గర రాసే టైమ్ ఎక్కడిదని అడుగుతారు. ఉంది, కాకపోతే మనం దాన్ని వాడుకోవడం లేదు. బీపీ చూసేముందు మనిషిని అయిదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాలి కదా, చేనునుంచి నడిచొచ్చిన పెద్దమ్మకు వెంటనే పట్టీ కడితే రీడింగ్ ఎక్కువే చూపిస్తుంది. ఆ అయిదు నిమిషాలు ఆమెను మాట్లాడించకూడదు కాబట్టి అడగాల్సిన పని లేనివన్నీ అప్పుడే రాసుకోండి: తేదీ, పేరు, కార్డు మీదున్న పోయినసారి రీడింగ్, మిగిలిన మాత్రలు ఎన్ని. రీడింగ్ రాగానే ఆ అంకె వేస్తే ఎంట్రీ అయిపోయినట్టే. సబ్ సెంటర్‌లో గర్భిణులకు షుగర్ పరీక్ష చేసేటప్పుడు కూడా ఇంతే, 75 గ్రాముల గ్లూకోజ్ తాగించాక రెండు గంటలు ఆగాలి, ఆ రెండు గంటల్లో వాళ్ల ఎంసీపీ కార్డులు (తల్లీబిడ్డల కార్డులు), రిజిస్టర్ పక్కపక్కన పెట్టి సరిచూసుకోవచ్చు. ఎత్తు, బరువు, ఎల్‌ఎంపీ (చివరి నెలసరి తేదీ), కాన్పు తేదీ, పోయిన కాన్పు సిజేరియనా కాదా, ఇవన్నీ ఆ మనిషి ఎదురుగా ఉండగా అడిగితే నిమిషం పని. ఆమె వెళ్లిపోయాక ఫోన్ చేసి అడగాలంటే సాయంత్రం దాకా దొరకదు.

సగం టైమ్ నిజానికి ముందురోజే మిగులుతుంది. రేపు ఏ వాడకు పోతున్నారో, ఆ వాడలో ఎవరికి ఏం డ్యూ ఉందో ఒక కాగితం మీద ఇళ్ల వరుసలో రాసుకోండి, రిజిస్టర్ వరుసలో కాదు. ఆ కాగితాన్ని ఊళ్లోనే ఉండే ఆరోగ్య కార్యకర్త ఆశ అక్కకు వాట్సాప్‌లో పంపకుండా ఫోన్‌లో చదివి వినిపించండి, ఎందుకంటే అందులో టీబీ వాళ్ల పేర్లు, ఇంకా బయటికి చెప్పుకోలేని జబ్బులు ఉంటాయి, గ్రూపుల్లో పడితే ఊరంతా తెలుస్తుంది. ఎవరు ఊళ్లో ఉన్నారు, ఎవరు కూలికి పోయారు అన్నది మన ట్యాబ్ కంటే ఆశ అక్కకే ఎక్కువ తెలుసు. పత్తి ఏరే రోజుల్లో దేవరకొండ వైపు తండాలకు అంబటాళ్ల పోతే ముసలివాళ్లు, తాళాలు తప్ప ఎవరూ కనపడరు. ఆ సీజన్‌లో పొద్దున్నే పోవాలి, లేదంటే పొద్దుగూకినాక, అది కుదరకపోతే చేను గట్టు మీదికే.

ఆభా కార్డుల (ఒక్కొక్కరికి ఇచ్చే ఆరోగ్య ఖాతా నంబరు) సంగతి వేరే చెప్పాలి. ఆధార్‌కు లింకైన ఫోన్‌కు ఓటీపీ వస్తుంది, ఆ ఫోన్ ముంబైలోనో పుణెలోనో పనికి పోయిన కొడుకు దగ్గర ఉంటుంది. పగలు అతను పనిలో ఉంటాడు, పైగా ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని అందరూ చెబుతుంటే ఎవరో సిస్టర్ అడిగితే ఎందుకు చెబుతాడు, చెప్పకపోవడం తప్పు కాదు. ముందురోజు రాత్రి వాళ్ల నాయనతోనే ఫోన్ చేయించి, ఎందుకు అడుగుతున్నామో చెప్పి, ఏ టైమ్‌కు ఫోన్ చేస్తే ఎత్తుతాడో కనుక్కోండి. ఆ 14 అంకెల నంబరు రాలేదని షుగర్ పరీక్ష మాత్రం ఆపొద్దు. అది తీసుకోవడం వాళ్ల ఇష్టం, పరీక్ష మన బాధ్యత. వలసపోయిన వాళ్ల స్క్రీనింగ్ పెండింగ్ ఉంటే ఒక పేజీలో వేరుగా రాసి పెట్టుకోండి. పీర్ల పండక్కి, దసరాకు ఊరికి వస్తారు, 30 ఏళ్లు దాటిన వాళ్లందరినీ ఆ రెండు మూడు రోజుల్లో ఇంటి దగ్గరే పట్టుకోవచ్చు.

పుట్టింటికి కాన్పుకు వచ్చే ఆడపిల్లల విషయంలో చాలా రాత వృథా అవుతుంది. అత్తగారి ఊళ్లో ఒకసారి, ఇక్కడ ఒకసారి, అలా ఒకే మనిషి రెండుచోట్ల నమోదవుతుంది, తర్వాత నెలంతా ఏది తీసేయాలి అని ఫోన్లు. ఎంసీపీ కార్డు మీద ఆర్‌సీహెచ్ నంబరు ఉందేమో ముందు చూసి దానితోనే వెతకండి. కార్డు అత్తగారింట్లో మరిచిపోయి వస్తే అక్కడి సిస్టర్‌కు ఒక్క ఫోన్ కొట్టండి. కొత్తగా నింపే దానికంటే ఆ ఫోన్‌కు తక్కువ టైమ్ పడుతుంది, పైగా పాత రక్త పరీక్షలు, అంతకు ముందు కాన్పుల వివరాలు పోకుండా ఉంటాయి.

నెట్ లేని ఊళ్లకు, ముఖ్యంగా అమ్రాబాద్ వైపు అడవిలోని చెంచు పెంటలకు (చెంచుల గూడేలకు) పోయేవాళ్లు ట్యాబ్‌ను సిగ్నల్ ఉన్నచోటే తెరిచి, వివరాలన్నీ లోడ్ అయ్యాయో లేదో చూసుకుని బయల్దేరాలి. ట్యాబ్‌లో మనం వివరాలు ఎక్కించే అన్‌మోల్ యాప్‌లో నెట్ లేకున్నా ఎంట్రీ చేసి తర్వాత సింక్ చేయొచ్చు, కానీ సింక్ అయ్యిందని మీ కళ్లతో చూసేదాకా కాగితం మీది రాతను కొట్టేయొద్దు. నా పద్ధతి, నోట్‌బుక్‌లో ఒక్కో పేరు పక్కన రెండు చిన్న గళ్లు, ఒకటి రిజిస్టర్‌కు, ఒకటి ట్యాబ్‌కు. రెండూ టిక్ పడితేనే ఆ పేరు అయిపోయినట్టు. మధ్యాహ్నం సర్వర్ మొరాయిస్తే దానితో కుస్తీ పట్టకుండా రిజిస్టర్ గళ్లు నింపుకుంటూ పోండి.

బుధవారం, శనివారం టీకాల రోజున ఎక్కువ గొడవ లెక్క దగ్గరే వస్తుంది. సూది వేసిన వెంటనే ట్యాలీ షీట్‌లో గీత పడాలి, అయిదుగురు పిల్లలయ్యాక ఒక్కసారి రాద్దాం అనుకుంటే పెంటా ఎవరికి వేశాం, ఎంఆర్ ఎవరికి వేశాం అని తల్లుల్ని అడగాల్సి వస్తుంది. బీసీజీ, ఎంఆర్ పొడి టీకాలు కదా, వయల్‌లో ద్రవం కలిపిన టైమ్ దాని మీదే రాయండి, నాలుగు గంటలు దాటితే వాడకూడదు కదా, ఆ టైమ్ రాసి ఉంటే సాయంత్రం స్టాక్ లెక్క కూడా తేలిగ్గా తెగుతుంది. నెలాఖరు రిపోర్టు కోసం రోజూ సాయంత్రం సబ్ సెంటర్ నుంచి కదిలేముందు ఆ రోజు మొత్తాలు ఒక పేజీలో వేసుకుంటే చివర్లో కూడిక ఒక్కటే మిగులుతుంది.

ఇక ఫోన్‌లో వచ్చే "అర్జెంటుగా పంపండి" లిస్టులు. ఇది మన ఒక్కరి వల్ల తీరే పని కాదు. ట్యాబ్‌లో ఉన్న అంకెలనే మళ్లీ కాగితం మీద, మళ్లీ వాట్సాప్‌లో అడుగుతుంటే, ఏ లిస్టు ఎన్నిసార్లు పంపామో ఒక నెల రాసిపెట్టి, పీహెచ్‌సీ మీటింగ్‌లో సిస్టర్లందరూ కలిసి డాక్టర్ గారి ముందు పెట్టండి. ఒక్కరు అడిగితే పని ఎగ్గొట్టడానికి అంటారు, అందరూ కాగితం చూపించి అడిగితే కనీసం ఒకటి రెండు ఫార్మాట్లు తగ్గుతాయి. అప్పటిదాకా ఫీల్డ్‌లో ఉన్నంతసేపు గ్రూపు చూడకుండా, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి జవాబివ్వడం అలవాటు చేసుకోండి. నిజంగా అర్జెంటైతే వాళ్లే ఫోన్ చేస్తారు.

ఇదంతా చెప్పాక ఒక్కచోట మాత్రం రాత ఆగాలి. గర్భిణికి బీపీ 160/110 కనపడినా, హిమోగ్లోబిన్ 7 కన్నా తక్కువున్నా, కళ్లు మసకలు, ఫిట్స్, రక్తస్రావం ఏది ఉన్నా పెన్ను పక్కన పెట్టి ముందు డాక్టర్ గారికి, వెంటనే పంపాల్సిన మనిషైతే 108కి ఫోన్ చేయాలి. బండి వచ్చేలోపు మిగతావేవీ వద్దు, ఆమె ఎంసీపీ కార్డు మీద బీపీ ఎంత, ఎన్ని గంటలకు చూశారు, ఏ మందు ఇచ్చారు, ఎన్ని గంటలకు ఫోన్ చేశారు, ఈ నాలుగు మాత్రం పెద్ద అక్షరాలతో రాసి ఆమె తల్లి చేతికో భర్త చేతికో ఇవ్వండి. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్ ముందు చూసేది అదే. రిజిస్టర్ మర్నాడు నింపుకోవచ్చు.