పాత గడియారం డయల్: కాలం తెచ్చిన రంగా, తేమ చేసిన చేటా?

పాత చేతి గడియారాలు సేకరించేవారి మధ్య ఎన్నేళ్లయినా తెగని వాదం ఒకటి ఉంది. నల్ల రంగుతో తయారు చేసిన డయల్ కాలక్రమేణా గోధుమ రంగుకు తిరిగితే ఒకరు దానిని అరుదైన అందమంటారు, మరొకరు పాడైన సరుకంటారు. ఇద్దరూ రంగును మాత్రమే చూసి మాట్లాడుతున్నంత కాలం ఆ వాదం తేలదు. ఆ రంగు ఎందుకు మారిందో ముందుగా తెలుసుకోవాలి. ఎండ వలన, కాలం వలన డయల్ అంతటా వచ్చిన మార్పు ఒక ఎత్తు, ఏదో ఒక సందున లోపలికి చేరిన తేమ వలన ఒకచోట మొదలై పాకుతున్న మార్పు మరొక ఎత్తు. మొదటిది వయసు, రెండవది చేటు. కొనే ముందు ఈ రెండింటినీ ఎలా వేరు చేయాలో ఇక్కడ వివరిస్తాను.

పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, చిన్న అతినీలలోహిత టార్చి, కిటికీ పక్కన పగటి వెలుగు ఉంటే చాలు. దుకాణంలోని పసుపు దీపం కింద ఏ డయల్ అయినా వెచ్చని రంగులో కనబడుతుంది కాబట్టి ఆ వెలుగులో నిర్ణయం తీసుకోకండి. పాత గడియారాలకు ఉండే ప్లాస్టిక్ అద్దం కూడా వయసుతో పసుపెక్కుతుంది, గీతలు పడుతుంది. గడియారాన్ని మెల్లగా అటూ ఇటూ వంచి చూసినప్పుడు, గీత అద్దం మీదిదైతే కింది అంకెలను దాటి జరిగినట్లు కనబడుతుంది, డయల్ మీదిదైతే ఉన్నచోటనే ఉంటుంది.

ఎండ తెచ్చిన మార్పు నెమ్మదిగా, సమంగా వస్తుంది. 1950లు, 60లలో తయారైన కొన్ని నల్ల డయళ్ల రంగు అతినీలలోహిత కిరణాలకు నిలవక, చాక్లెట్ రంగు మీదుగా తేనె రంగు వరకు వెలిసింది. సేకర్తలు ‘ట్రాపికల్’ అనేది ఇటువంటి డయల్‌నే. దీనిలో రంగు మారినా ఉపరితలం నునుపుగానే ఉంటుంది, అక్షరాల అంచులు చెదరవు. వాచ్ మెకానిక్ డయల్‌ను బయటికి తీసినప్పుడు, కేసు అంచు కింద దాగి ఎండ సోకని సన్నని వలయం ఇంకా నల్లగా ఉంటే అంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు.

తేమ దారి వేరు. అది కీ బుడిపె గొట్టం నుండి లేదా అద్దం అంచు నుండి లోపలికి వస్తుంది కాబట్టి మరకలు ఎక్కువగా మూడు అంకె దగ్గరనో, డయల్ అంచు వెంబడినో మొదలవుతాయి. మా నాన్నగారు కాకినాడలో బావి దగ్గర కాళ్లు కడుక్కునేటప్పుడు కూడా తన హెచ్.ఎం.టి. వాచీని తీసేవారు కాదు. ఆ డయల్‌పై మూడు అంకె పక్కన, ఇత్తడి పళ్లెంలో ఎండిన నీటి చార లాగా, అంచు ముదురుగా, నడుమ లేతగా నెలవంక ఆకారపు మరక ఉంది. భూతద్దంలో చూస్తే అక్కడి పూత సన్నని పొక్కులుగా లేచింది, ఒక పొక్కు చిట్లినచోట కింది ఇత్తడి మీద ఆకుపచ్చని చిలుము కనబడింది. లోపలి యంత్రాన్ని మాత్రమే శుభ్రం చేయమని ఒక మెకానిక్‌కు ఇచ్చాను. ఆయన మంచి చేద్దామనే పెట్రోలులో ముంచిన దూదితో డయల్‌ను కూడా తుడిచారు. మరక పోలేదు. రెండుకూ నాలుగుకూ నడుమ ఉన్న నిమిషాల గీతలు మాత్రం దూదికి అంటుకుని వచ్చేశాయి. ఆ నష్టం ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. పొక్కులు, చిలుము, పెచ్చులుగా లేచిన పూత, ముళ్లపై తుప్పు, వీటిలో ఏది కనబడినా లోపలి ఉక్కు భాగాలను చూపించమని అడగండి, ఎందుకంటే డయల్ వరకు వచ్చిన నీరు సాధారణంగా అక్కడితో ఆగదు.

తేలికగా తేలని సందర్భాలూ ఉన్నాయి. 1980ల రోలెక్స్ మెరుపు డయళ్లలో కొన్నింటి లక్క సాలెగూడు లాగా సన్నగా నెర్రెలు తీసింది. అది వాడినవారి తప్పు కాదు, పూతలోని లోపం. నా మటుకు నేను దానిని చేటుగానే లెక్కిస్తాను, ఎందుకంటే ఒకసారి చిట్లిన లక్క మళ్లీ కలవదు. అయితే నెర్రెలు డయల్ అంతటా సమంగా ఉండి, అక్షరాలు చెక్కుచెదరకుండా ఉంటే ఇష్టపడి కొనేవారిని తప్పుపట్టను. రేడియం ముళ్లున్న గడియారం ఏళ్ల తరబడి ఆగిపోయి పడి ఉంటే, ఆ ముళ్ల కింద డయల్ మీద వాటి ఆకారంలోనే గోధుమ రంగు నీడ పడుతుంది. అది మచ్చే అయినా నాకు విలువైన మచ్చ, ఎందుకంటే ఆ నీడ ఇప్పుడున్న ముళ్ల ఆకారానికి సరిగ్గా సరిపోతే ఆ ముళ్లు మొదటి నుండీ ఆ గడియారానివే అని నమ్మడానికి గట్టి ఆధారం దొరికినట్లే.

చీకటిలో వెలిగే ప్రతి పూతనూ మనం రేడియం అనే పిలుస్తాం కానీ, ఇక్కడ తేడా తెలియడం అవసరం. 1960ల ఆరంభం వరకు నిజమైన రేడియం వాడారు, తరువాత 1990ల వరకు ట్రిటియం అనే మరో రేడియోధార్మిక పదార్థం వాడారు, ఆపైన రేడియోధార్మికత లేని పూతలు వచ్చాయి. చాలా స్విస్ డయళ్ల అడుగున ‘స్విస్’ అన్న మాటకు అటూ ఇటూ ‘టి’ అక్షరం ఉంటే అది ట్రిటియం గుర్తు. ట్రిటియం ప్రతి 12.3 ఏళ్లకు సగమవుతుంది కాబట్టి 1970ల డయల్ ఈనాడు చీకటిలో వెలగదు. దానిపై అతినీలలోహిత టార్చి వేసి ఆపినప్పుడు వెలుగు దాదాపు వెంటనే ఆరిపోవాలి. నిమిషాల తరబడి నిలిచి వెలిగితే అది కొత్తగా పూసినది. డయల్ చుక్కలు మీగడ రంగులో ఉండి, ముళ్లలోని పూత సున్నంలా తెల్లగా ఉన్నా అనుమానించండి.

అన్నిటికంటే పెద్ద చేటు, నా దృష్టిలో, తిరిగి రంగు వేసిన డయల్. సిటిజన్ సహకారంతో 1961లో బెంగళూరులో మొదలైన హెచ్.ఎం.టి. గడియారాలు తెలుగు ఇళ్లలో ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి, మార్కెట్‌లో వాటికి కంటికింపైన రంగులు వేసి అమ్మేవారూ ఉన్నారు. అక్షరాలు లావుగా, అంచులు చిమ్మినట్లు ఉన్నాయా, నిమిషాల గీతలు అంకెలకు సరిగా ఎదురుగా ఉన్నాయా, డయల్ అడుగున ఉండవలసిన చిన్న అక్షరాలు ఉన్నాయా అన్నవి భూతద్దంలో చూడండి. డయల్ బాగున్నంత మాత్రాన గడియారమంతా అసలైనదని కూడా అనుకోవద్దు. 2021 నవంబరులో జెనీవా వేలంలో గోధుమ రంగుకు తిరిగిన డయల్ ఉన్న ఒమేగా స్పీడ్‌మాస్టర్ ఒకటి 31 లక్షలకు పైగా స్విస్ ఫ్రాంకులు పలికింది. అది వేర్వేరు గడియారాల భాగాలు కలిపి కూర్చినదని 2023లో బయటపడింది.

కొన్న తరువాత డయల్‌ను ముట్టుకోవద్దని, తుడవవద్దని మెకానిక్‌కు నోటితో చెప్పడంతో సరిపెట్టకుండా కాగితం మీద రాసి ఇవ్వండి. కీ బుడిపె, వెనుక మూతల రబ్బరు వాషర్లను మార్పించండి, ఎందుకంటే పాత మరకను చెరపలేకపోయినా కొత్త తేమను ఆపగలం. రేడియం ఉన్న గడియారాన్ని ఇంట్లో విప్పవద్దు, పూతను గీకవద్దు, ఆ ధూళి ఊపిరితో లోపలికి పోతే ప్రమాదం. చివరగా, ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళకు, ఒకే కోణంలో ఆరు నెలలకొకసారి డయల్‌ను ఫొటో తీసి పక్కపక్కన పెట్టి చూడండి. మరక అంచు వెంట్రుకవాసి అయినా జరిగి ఉంటే తేమ ఇంకా లోపలే ఉన్నట్లు, గడియారాన్ని ఆ వారమే విప్పించి ఆరబెట్టించాలి.