డీబీ మూత తీసే ముందు

సోలార్ ఎంత ఇస్తోంది, ఏసీ ఎంత తాగుతోంది అని లెక్క రాసే మీటర్ తెచ్చారా? డీబీ (ఇంటి కరెంటు తీగలూ బ్రేకర్లూ ఉండే డిస్ట్రిబ్యూషన్ బోర్డు) మీద స్క్రూడ్రైవర్ పెట్టే ముందు ఇవి చూసుకోండి.

• మెయిన్ కట్టేస్తే అంతా ఆగినట్టే అనుకోవద్దు. గ్రిడ్‌కి కలిపిన ఇన్వర్టర్ ఆగుతుంది, నిజమే. కానీ ఎండ ఉన్నంతసేపూ ప్యానెళ్ల నుంచి దిగే డీసీ తీగల్లో వోల్టేజీ ఉంటూనే ఉంటుంది. ఆ తీగలు ముట్టుకోకండి. హైదరాబాద్ ఇళ్లలో పాత బ్యాటరీ ఇన్వర్టర్ ఒకటి మూల కూర్చుని ఉంటుంది కదా, దాన్నీ ఆపండి. చాలామంది మరిచేది అదే.

• టెస్టర్‌ని ముందు కరెంటున్న ప్లగ్గులో పెట్టి, వెలిగాకే నమ్మండి. తీగ రంగుని మాత్రం నమ్మకండి.

• తీగ చుట్టూ తొడిగి కరెంటు కొలిచే సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) క్లాంప్ ఒక్క ఫేజు తీగకే తొడగాలి. న్యూట్రల్‌తో కలిపి తొడిగితే రీడింగ్ దాదాపు సున్నా. త్రీ ఫేజు ఇంటికి మూడు క్లాంపులు కావాలి. బాణం గుర్తు తిరగబడితే వాడకం కాస్తా అమ్మకంలా కనిపిస్తుంది. మా ఇంట్లో గీజర్ వేసినప్పుడల్లా గ్రిడ్‌కి కరెంటు పంపుతున్నట్టు చూపించింది. రెండు రోజులు మురిసిపోయాం!

• 5 ఆంపియర్ల సెకండరీ (మీటర్‌కి వెళ్లే వైపు చుట్ట) ఉన్న సీటీ అయితే, లోడు నడుస్తుండగా ఆ చుట్ట కొసలు విడిగా వదలొద్దు. అక్కడ ప్రాణం తీసేంత వోల్టేజీ పుట్టొచ్చు.

• మామూలు సీటీ డీసీని కొలవలేదు. దానికి హాల్ సెన్సర్ (డీసీ కరెంటునీ పసిగట్టే రకం) ఉన్న క్లాంప్ కావాలి.

• నెట్ మీటర్ సీలు జోలికి వెళ్లకండి. అది డిస్కమ్ (కరెంటు పంపిణీ సంస్థ) వాళ్లది.

• ఇలా లెక్క రాసే మీటర్లు (లాగర్లు) చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటాయి. ఫోన్‌తో డీబీ దగ్గర నిలబడి సిగ్నల్ చూసుకోండి.

లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ పక్కన లేకపోతే ఇవాళ్టికి మూత తీయకండి.